గలగలలాడు బంతి

ఆటలాడుట బాలురకు ఎవరును నేర్పవలసిన పనిలేదు. గుడ్డపేలికలు చుట్టిన బంతియు, చెక్కిన కొబ్బరిమట్టయు దొరకిన చాలును, వీథి యంతయు క్రీడారంగమగును. మూడు పుల్లలు పాతిన చోట వికెట్టు లేచును. అయితే పలుచోట్ల ఆ వీథిలోని అరుగుమీద కూర్చుండి, ఆటలోని కేకలను మాత్రము వినుచుండెడి బాలుడొకడో బాలిక యొకతెయో కానవచ్చుట కలదు. ఆ బిడ్డకు చూపు లేకపోవచ్చును. కాలుసేతులలో ఏదియో ఒకటి స్వాధీనమున లేకపోవచ్చును. తోడి పిల్లలు ఆ బిడ్డను ద్వేషింపరు. చెప్పులకు కాపలా యుంచుదురు, పరుగులు లెక్కపెట్టుమందురు. అంతటితో న్యాయము చేసితిమని తలంతురు. పెద్దలును "పాపము, ఏమాడగలడు?" అని జాలిపడి ఊరకుందురు. ఈ జాలిలో ఒక గొప్ప పొరపాటు దాగియున్నది. ఆడలేనివాడు వేఱు, ఆడుటకు వీలు కల్పింపబడనివాడు వేఱు. మొదటివాని కొఱత దేహమునందున్నది. రెండవవాని కొఱత సంఘమునందున్నది. దేహమునందలి కొఱతను తీర్చుట ఒక్కొక్కప్పుడు వైద్యునకును సాధ్యము కాదు. సంఘమునందలి కొఱతను తీర్చుటకు మంచి మనస్సును, ఓర్పును, కొంచెము బుద్ధికుశలతయు ఉన్న చాలును.

ఈ మాటకు అంధుల క్రికెట్టు చరిత్రయే సాక్ష్యము. 1922వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశమునందలి మెల్బోర్న్ నగరములో కర్మాగారమున పనిచేయుచుండిన ఇద్దరు అంధులు ఒక రేకు డబ్బాలో చిన్న రాళ్ళు పోసి, అది దొర్లునప్పుడు కలుగు చప్పుడు ననుసరించి క్రికెట్టు ఆడ నారంభించిరి. ఎవరో దయతలచి వారికొక ఆట నీయలేదు; తమ యాటను తామే కల్పించుకొనిరి. ఆ నగరముననే కూయాంగ్ అనుచోట 1928లో అంధుల క్రికెట్టు కొఱకే ఒక మైదానమును, దానికి చేరువ ఒక భవనమును వెలసినవి. రేకుడబ్బా మైదానమగుటకు ఆఱేండ్లు పట్టినది. డబ్బా అంధుల తెలివికి గుర్తు. మైదానము వారికి తోడునిలిచిన సంఘము యొక్క కృషికి గుర్తు. ఈ రెండును కలిసినప్పుడే క్రీడ నిలుచును.

నేడు ఈ యాటలో వాడు బంతి గట్టి ప్లాస్టిక్కుతో చేయబడినది. దానిలోపల చిన్న లోహపు గుండ్లుండును. బంతి కదలినంతనే గలగలమని మ్రోగును. బౌలరు చేతిని భుజముమీదుగా త్రిప్పక, క్రిందినుండియే బంతిని విసరవలెను. విసరుటకు ముందు "సిద్ధమా?" అని యడిగి, బ్యాట్సుమను సిద్ధమనిన పిదప "ప్లే" అని బిగ్గఱగా పలుకవలెను. బంతి నేలను తాకుచు వచ్చును. ఆ ధ్వనియే ఆటగానికి కన్ను. పదునొకండుగురు ఆటగాండ్రు మూడు తరగతులుగా నుందురు. బొత్తిగా చూపులేనివారు బి-1 తరగతివారు. వీరు కనీసము నలుగురుండవలెను. మిక్కిలి కొలదిచూపు గలవారు బి-2, అంతకంటె కొంత మెఱుగుగా చూడగలవారు బి-3 తరగతివారు. బొత్తిగా చూపులేని బ్యాట్సుమను కొట్టిన పరుగు ఒక్కటి రెండుగా లెక్కింపబడును. అతని బదులు పరుగెత్తుటకు వేఱొక డుండును. అట్టి ఫీల్డరు ఒకసారి నేలను తాకి లేచిన బంతిని పట్టినను క్యాచిగానే యెన్నబడును. పిచ్చి పొడవు మాత్రము తక్కిన క్రికెట్టునందువలె ఇరువదిరెండు గజములే.

దశరథ మహారాజు శబ్దభేది విద్య నెఱిగినవాడని రామాయణము చెప్పుచున్నది. చప్పుడు వినిన చోటికి గుఱి తప్పక బాణము వేయుట ఆ విద్య. అది ఆయనకు కడకు దుఃఖమునే తెచ్చిపెట్టినది. అంధ క్రీడాకారుడు అలవఱచుకొను విద్యయు అట్టిదే. కాని దీనివలన ఎవరికిని హాని లేదు, చూచువారికి ఆనందమే కాని. బంతి ఎంత వేగముతో, ఏ వైపునుండి, ఎంత ఎత్తున వచ్చుచున్నదో చెవితో కొలిచి, రెప్పపాటు కాలములో వంగి, బ్యాటును నేలబారుగా ఊడ్చి బంతిని కొట్టుట సామాన్యమైన పని కాదు. చూపుగలవారు కన్నులకు గంతలు కట్టుకొని ఒక్క ఓవరు ఆడి చూచినచో ఆ సాధన విలువ తెలియగలదు.

"ఇన్ని నియమములు మార్చిన పిమ్మట ఇది క్రికెట్టు ఎట్లగును?" అని కొందఱు ఆక్షేపింతురు. ఈ యాక్షేపణ వినుటకు సబబుగా నున్నను విచారించినచో నిలువదు. ఆటల నియమములు ఆకాశమునుండి ఊడిపడినవి కావు; మనుష్యులు కలసి యేర్పఱచుకొన్నవి. ఇంగ్లండునందు క్రికెట్టు పుట్టిన తొలిదినములలో బౌలర్లందఱును చేతిని క్రిందినుండియే ఆడించి బంతిని వేయుచుండిరి. చేతిని భుజముపైకెత్తి వేయుటకు 1864లోగాని అనుమతి లభింపలేదు. అయిదు దినముల ఆట ఒక దినమున యాబది ఓవర్ల ఆటయైనది; అదియును ఇరువది ఓవర్లకు కుదిరినది. చూపరుల తీరికకై, వ్యాపారముల లాభముకై నియమములు మార్చినప్పుడు క్రికెట్టు క్రికెట్టుగానే యుండి, చూపులేనివారి కొఱకు మార్చినప్పుడు మాత్రము కాకపోవుట ఏమి న్యాయము? ఆట యొక్క ప్రాణము పోటీయందును, నైపుణ్యమునందును, నియమమునకు లోబడుటయందును ఉన్నది. ఆ మూడును ఇందు సంపూర్ణముగా నున్నవి.

మన దేశమున ఈ క్రీడ అంధుల పాఠశాలల ప్రాంగణములలో పెరిగినది. డెహ్రాడూనునందలి జాతీయ అంధుల సంస్థలో బాలురు ఎంతో ఉత్సాహముతో క్రికెట్టు ఆడుచుండుటను జార్జి అబ్రహాము అను ఆయన గమనించెను. శైశవముననే వ్యాధివలన చూపు చాలవఱకు కోల్పోయిన ఆయన, ఆ యుత్సాహము గోడల నడుమ అణగిపోరాదని తలచి, 1990లో ఢిల్లీయందు అంధుల జాతీయ క్రికెట్టు పోటీలను జరిపించెను. ఆయన కృషివలననే 1996లో ఢిల్లీలో ప్రపంచ అంధుల క్రికెట్టు మండలి యేర్పడినది. 1998లో ఢిల్లీయందే తొలి ప్రపంచ కప్పు పోటీలు జరిగినవి. ఏడు దేశముల జట్లు పాల్గొనగా దక్షిణాఫ్రికా గెలిచినది. బెంగుళూరునందు మహంతేశ్ కివడసన్నవర్, ఎస్. పి. నాగేశ్ అను ఇద్దరు అంధమిత్రులు 1997లో సమర్థనం అను సేవాసంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ అండతో వెలసిన భారత అంధుల క్రికెట్టు సంఘము పిమ్మట ఈ భారమును వహించినది. నాగేశ్ గతించిన తరువాత ఆయన పేరనే అంధుల జాతీయ పోటీలు జరుగుచున్నవి. దేహమునందు ఇతర వైకల్యములు గలవారి క్రికెట్టునకై 1988లోనే అఖిల భారత సంఘమును స్థాపించినవారిలో 1971 నాటి విజయములకు నాయకుడైన అజిత్ వాడేకర్ ముఖ్యుడు. వీరిలో చూపులేనివారును కలరు, చూపుగలవారును కలరు. ఆటలో పేరు మోసినవారును కలరు, ఎన్నడును పెద్ద మైదానమున అడుగిడనివారును కలరు. అందఱిని కలిపినది ఒక్కటే: ఆరంభించిన పనిని విడువకపోవుట.

ఆ కృషికి ఫలము లభించినది. 2012లో బెంగుళూరున జరిగిన తొలి ఇరువది ఓవర్ల అంధుల ప్రపంచ కప్పును భారతజట్టు గెలిచినది. 2014లో దక్షిణాఫ్రికాలో ఏకదినపు ప్రపంచ కప్పును సాధించినది. ఆ రెండింటికిని నాయకుడైన శేఖర్ నాయకునకు 2017లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. 2017లో బెంగుళూరునందును, 2018లో షార్జాయందును, 2022లో మరల బెంగుళూరునందును విజయము భారతదేశమునదే. గుంటూరు సీమనుండి వచ్చిన ఇల్లూరి అజయకుమార్ రెడ్డికి 2023వ సంవత్సరపు అర్జున పురస్కారము లభించినది. 2023లో బర్మింగుహాములో అంధుల ప్రపంచ క్రీడలు జరిగినప్పుడు భారత మహిళలు స్వర్ణపతకమును, పురుషులు రజతపతకమును తెచ్చిరి. 2025 నవంబరు 23వ తేదీన కొలంబో నగరమున తొలి మహిళా అంధుల ఇరువది ఓవర్ల ప్రపంచ కప్పు తుదిపోటీలో మన బాలికలు నేపాలు జట్టును ఏడు వికెట్ల తేడాతో ఓడించిరి. ఆ జట్టునకు దీపిక నాయకురాలు. పాడేరు మన్యమునుండి వెళ్ళిన పంగి కరుణకుమారి ఆ జట్టులో ఆడినది.

గెలుపు వచ్చిన మఱునాడు పత్రికలన్నియు ఆటగాండ్ర చిత్రములను ప్రకటించును. అది తగినదే. అయితే ఆ యొక్క సాయంకాలము వెనుక ఏండ్ల తరబడి జరిగిన పని యుండును. దానికి చిత్రము లేదు. మారుమూల పల్లెనుండి వచ్చిన అంధబాలుని బస్సుస్టాండులో కలిసికొని మైదానమునకు చేర్చువాడొకడు. ఈ మెట్లెన్ని, ఆ గుమ్మమెక్కడ, నీళ్ళకుండ ఏ మూలనున్నది అని చేయిపట్టి తొలిదినముననే తెలియజెప్పువాడొకడు. ఉదయము ఎండ ముదరకముందే పిచ్చిని ఊడ్చి, గుండ్రాళ్ళు ఏరివేయువాడొకడు. అంపైరింగు నేర్చుకొని, ప్రతి నిర్ణయమును చేతిసైగతోనే కాక నోటితోను చెప్ప నలవఱచుకొనువాడొకడు. బధిరుల ఆటయందు అదే అంపైరు నోటిమాటను నమ్ముకొనక సైగనే నమ్ముకొనవలెను. "ఆడపిల్లను, అందులోను చూపులేని పిల్లను, అంతదూర మెట్లు పంపుదుము?" అని వెనుదీయు తల్లిదండ్రుల యింటికి పోయి, ఒకసారి కాదు, నాలుగుసార్లు కూర్చుండి నచ్చజెప్పు ఉపాధ్యాయురా లొకతె. వీరికి జీతములు లేవు; ఉన్నను స్వల్పము. అయినను వీరు లేనిచో గలగలలాడు బంతి పెట్టెలోనే మూగపోవును.

నిర్వాహకుల పని ఇంతకంటెను చిక్కైనది. మైదానము అడుగుటకు పోయినచోట "ఆదివారము ఖాళీలేదు" అను మాట వినవలెను. ధనసహాయమునకై సంస్థల వాకిళ్ళయందు వేచియుండవలెను. ఒక్కొక్కప్పుడు తమ చేతిలో లేని కారణముచేత అంతయు తలక్రిందగును. 2024లో ఇరువది ఓవర్ల ప్రపంచ కప్పు పాకిస్తానులో జరిగినప్పుడు, విదేశాంగ శాఖ అనుమతి లభింపనందున భారతజట్టు పోలేదు. ఆటగాండ్ర సాధన యంతయు ఆ యేడు ఫలింపకుండ పోయినది. అట్టి సమయమున ఆటగాండ్రను ఇండ్లకు పంపివేసి చేతులు దులుపుకొనక, మరుసటి పోటీలకు వారిని సిద్ధపఱచువాడే నిజమైన నిర్వాహకుడు. ఆరంభశూరత్వము తెలుగువారికి పుట్టుకతో వచ్చినదని ఒక అపవాదు కలదు. సేవ చేయబూనువారు ముందుగా ఆ అపవాదును తుడిచివేయవలసియున్నది. ఒకదినము వచ్చి పండ్లు పంచి, ఫోటోలు తీయించుకొని పోవుట సేవ కాదు. ప్రతి శనివారము ఒక గంటసేపు వచ్చి బంతులు వేయువాడు వానికంటె వేయిరెట్లు మేలు.

ఇచ్చట మఱియొక ఆక్షేపణ వినవచ్చును. "తిండికిని చదువునకును ఉద్యోగమునకును వెదకుకొనవలసినవారికి ఈ యాట లెందులకు? ఆ ధనమును ఆ పనులకే వినియోగింపరాదా?" అని అడుగువారు కఠినచిత్తులు కారు, వారిలో మంచివారును పెక్కుమంది కలరు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులు కలరు. వారిలో ఎందఱికో చదువు, జీవనోపాధి కొఱతగనే యున్నవి. కావున ప్రశ్న తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయితే చదువునకును ఆటకును నడుమ గోడ కట్టుట యెట్లు? ఇంటి మూల కూర్చుండబెట్టబడిన అంధబాలుడు బడికిపోవుటకే జంకును. మైదానమున పరుగెత్త నేర్చినవాడు రోడ్డుమీద కఱ్ఱ పట్టుకొని తానుగా నడువగలుగును. జట్టుతో రైలెక్కి పరవూరు పోయివచ్చినవాడు, ఉద్యోగమునకై దరఖాస్తు పట్టుకొని కచేరి మెట్లెక్కుటకు వెఱవడు. ఓడిపోయిననాడు ఏడ్వక, మఱుసటినాడు మరల సాధనకు వచ్చు అలవాటు ఏ పుస్తకమును చదివిన వచ్చును? ఆట అన్నమునకు బదులు కాదు. అన్నమును సంపాదించుకొను ధైర్యమునకు మూలము.

అట్లని ఆటతోనే అన్నియు తీరునని చెప్పుటయు పొరపాటే. ప్రపంచ కప్పు గెలిచి వచ్చినవాడు కూలిపనికి పోవలసివచ్చినచో ఆ సిగ్గు ఆటగానిది కాదు, చప్పట్లు కొట్టి మఱచినవారిది. విజయమును పొందిన దినములలో దీపిక ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రిని కలిసికొన్నప్పుడు, మడకశిర ప్రాంతమునందలి తన యూరికి రోడ్డు వేయింపుడని కోరినది. ఈ చిన్న సంగతి పెద్ద పాఠము చెప్పుచున్నది. దేశమునకు కప్పు తెచ్చిన క్రీడాకారిణి కంటికి తన విజయము ఊరిలోని అందఱి దారిగా కనబడినది. దివ్యాంగుల బ్రతుకునందు మైదానము ఎంత ముఖ్యమో, మైదానమునకు పోవు దారియు అంతే ముఖ్యము. ఆ దారిలో బస్సు మెట్టు ఎత్తుగా నుండరాదు. బడి గుమ్మము ఇఱుకుగా నుండరాదు. చక్రముల కుర్చీకి వాలుదారి లేక పోరాదు.

సేవకులను, నిర్వాహకులను పొగడినంత మాత్రమున వారి పనిలోని దోషములను కప్పిపుచ్చరాదు. మూడు దోషములు ముఖ్యముగా విడువదగినవి. మొదటిది, ఒకే పనికి పలు సంఘములు పుట్టి, "మేమే అసలైనవారము" అని కలహించుట. సంఘములు కలహించుకొనినప్పుడు నలిగిపోవువారు ఆటగాండ్రే. 2021లో దేశమందలి ప్రధాన క్రికెట్టు నియంత్రణమండలి భారత దివ్యాంగుల క్రికెట్టు మండలిని గుర్తించినది. ఆ గుర్తింపు కాగితమునందు నిలిచిపోక, మైదానములుగను, శిక్షకులుగను, ఆటగాండ్రకు వేతనములుగను పరిణమింపవలెను. ఎవరు ముందు అను వాదమును వదలి, ఎవరు మిగిలిపోయిరి అను విచారమును చేపట్టవలెను.

రెండవ దోషము, దివ్యాంగుల కొఱకు జరుగు పనిలో దివ్యాంగులకే మాట లేకపోవుట. బంతి ఎంత పెద్దగా మ్రోగవలెనో వినువాడు చెప్పవలెను గాని చూచువాడు కాదు. సంఘముల కార్యవర్గములలో, జట్టులను ఎన్నుకొను సమితులలో, శిక్షకులలో, అంపైర్లలో వారికి తగిన స్థానముండవలెను. దేశమున ఈ యాటను నెలకొల్పిన పలువురు అంధులే అగుటను మఱచిపోరాదు. చేయిపట్టి నడపించుట మంచిదే; కాని ఎటు పోవలెనో నిర్ణయించు హక్కు నడచువానిదే.

మూడవ దోషము అన్నిటికంటె ప్రమాదకరమైనది. అది వర్గీకరణమున మోసము. ఎవరికెంత చూపున్నది, ఎవరి వైకల్యమెంత అను నిర్ణయముమీదనే ఈ పోటీలన్నియు ఆధారపడియున్నవి. గెలుపు కొఱకు ఒక్క అబద్ధపు ధ్రువపత్రము చొరబడినను ఆట కూలిపోవును. 2000లో సిడ్నీ పారాలింపిక్ క్రీడలయందు బుద్ధివైకల్యము గలవారి బాస్కెట్‌బాల్ పోటీలో స్పెయిన్ జట్టు గెలిచినది. ఆ జట్టులో పలువురకు ఎట్టి వైకల్యమును లేదని పిమ్మట తేలినది. పతకములు వెనుకకు పోయినవి, అంతటితో ఆగలేదు. బుద్ధివైకల్యము గలవారి పోటీలే పారాలింపిక్కునుండి తొలగింపబడి, 2012లో లండను క్రీడలనాటికిగాని మరల చేరలేదు. కొందఱు పెద్దల దురాశకు ప్రపంచమునందలి నిరపరాధులైన క్రీడాకారులందఱు పండ్రెండేండ్లు శిక్ష ననుభవించిరి. నిర్వాహకుని నిజాయితీ అలంకారము కాదు, ఆటకు పునాది యనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ప్రభుత్వముల బాధ్యత మాట యేమి? 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములైన వైకల్యములను గుర్తించినది. దాని 30వ విభాగము క్రీడలయందు వారు చక్కగా పాల్గొనుటకు తగిన యేర్పాట్లు చేయవలసినదని ప్రభుత్వములను ఆదేశించుచున్నది. కాబట్టి మైదానమును అడుగుట యాచన కాదు, హక్కు. పేర్లు మార్చుటలో మాత్రము ఎవరును వెనుకబడలేదు. వికలాంగులని యుండిన పేరు విభిన్న ప్రతిభావంతులని మారినది. దివ్యాంగులని మఱల మారినది. గౌరవమైన పేరు పెట్టుట మంచిదే. కాని పేరులో దివ్యత్వముండి, బడిలోని ఆటస్థలమున చోటు లేకున్నచో ప్రయోజనమేమి? ప్రతి జిల్లా కేంద్రమునందలి మైదానములో వారమునకొక నిర్ణీతదినము దివ్యాంగుల సాధనకు విడువవలెను. అంధవిద్యార్థులు చదువు ప్రతి పాఠశాలకును గలగలలాడు బంతులను పంపవలెను. వ్యాయామోపాధ్యాయుల శిక్షణలో ఈ ఆటల నియమములను చేర్చవలెను. దేశము తరపున ఆడినవారికి ఇతర క్రీడాకారులతోపాటు ఉద్యోగావకాశము నీయవలెను. ఇవి కోట్లు గుమ్మరింపవలసిన పనులు కావు. మనస్సు పెట్టవలసిన పనులు.

విద్యార్థులు చేయదగిన పనియు కొంత కలదు. జనకుని సభలో అష్టావక్రుని వంకరలు చూచి పండితులు నవ్విరనియు, ఆయన విద్యను చూచి పిమ్మట తలలు వంచిరనియు పెద్దలు చెప్పుదురు. నవ్వుట ఆ పండితుల తప్పు. అయితే చూపులేని తోటివానిని చూచి కంట నీరు పెట్టుకొని, ఆటకు మాత్రము పిలువకపోవుటయు దాదాపు అట్టి తప్పే. పిలుచుటకు పెద్ద సాధనములు వలయునా? ఒక ప్లాస్టిక్ బంతికి చిన్న తూటు చేసి, లోపల నాలుగు గుండ్లు వేసి మూయవచ్చును. వికెట్లకు దూరమునకు కనబడు రంగు పూయవచ్చును. నియమములను అందఱు కలసి మార్చుకొనవచ్చును. పరుగులు లెక్కించు పనిని చూపుగలవారు తీసికొని, బ్యాటును వానికీయవచ్చును. కొన్నిసార్లు తామును కన్నులకు గంతలు కట్టుకొని ఆడవచ్చును. అప్పుడు వాడు గెలుచును, వీరు నేర్చుకొందురు. పెద్దవారైన పిదప ఇదే అలవాటు వారిని సేవకులుగను, నీతిగల నిర్వాహకులుగను తీర్చును. నేటి బడి ఆటస్థలమే రేపటి క్రీడాసంఘమునకు పాఠశాల.

కడపట ఒక ముచ్చట. తక్కిన ఆటలు చూచువారు మొదటినుండి తుదివఱకు కేకలు వేయుచునే యుందురు. అంధుల క్రికెట్టు చూచువారు అట్లు చేయరాదు. బౌలరు "ప్లే" అనిన క్షణము మొదలు బంతి ఆగు వఱకు మైదానమంతయు నిశ్శబ్దముగా నుండవలెను. వేలమంది చూపరులున్నను, గలగలమను ఆ చిఱుధ్వని ఒక్కటియే వినబడవలెను. వీరు నోరు మూసికొన్నంతసేపు వారికి చూపు ఉన్నట్లే. ఈ క్రీడకు సేవ చేయదలచినవారెల్లరు ముందుగా నేర్వవలసిన పాఠమిదియే: తమ గొంతును తగ్గించుకొని, ఎదుటివానికి వినబడవలసినదానికి చోటిచ్చుట. బంతి సరిహద్దు దాటిన పిదప చప్పట్లకు కావలసినంత వ్యవధి యుండనే యున్నది.